పండమ్మ పెరటి తీపాకు

ఎవరైనా ప్రశ్న అడిగితే మా గురువు భద్రయ్యగారు ముందు చేతిలో ఉన్న పని పూర్తి చేసుకునేవారు. అది చింతపండులో గింజలు తీయడం కావచ్చు, తెగిన చేదతాడు ముడివేయడం కావచ్చు. ఆ పని ముగిసేదాకా అడిగినవాడు ఎదురుగా కూర్చుని ఉండవలసిందే. చాలా ప్రశ్నలు ఆ కాస్త వ్యవధిలోనే చల్లారిపోయేవి. చల్లారక మిగిలినవాటికే ఆయన జవాబు చెప్పేవారు. ఆ జవాబులో వాదన ఉండేది కాదు, ఎవరికో ఎక్కడో జరిగిన ఒక సంగతి ఉండేది. విన్నవాడు దాన్ని తీసుకుపోయి తన బతుకులో ఎక్కడ పెట్టుకుంటాడో అతని ఇష్టం.

నరహరి ప్రశ్న చల్లారలేదు. అతను ముప్పై దాటినవాడు, ఊళ్ళో లెక్కల మాస్టారుగా పనిచేసి, అది వదులుకుని గుట్ట మీది మా ఆశ్రమానికి వచ్చినవాడు. ఆ ఏడు వానాకాలంలో అతనికి పచ్చకామెర్లు వచ్చి మంచాన పడితే మేమంతా వంతులు వేసుకుని చూసుకున్నాం. కింద ఊళ్ళో ఉండే మంగతాయమ్మ అనే ఆవిడ రోజూ పొద్దున్నే మజ్జిగ తెచ్చి, పక్కన కూర్చుని తాగించి వెళ్ళేది. లేచి తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచి నరహరికి ఒకటే ధ్యాస, తీర్చెయ్యాలని. నా బట్టలు ఉతికాడు. మరొకరి వంట వంతు తను చేశాడు. మంగతాయమ్మ వద్దు వద్దంటున్నా ఆమె మడిలో దిగి కలుపు తీసి, గట్టెక్కుతూ, "ఇక మీకూ నాకూ సరి" అన్నాడట. మర్నాటి నుంచి ఆవిడ మా వైపు రావడం మానుకుంది. దారిలో కనిపించినా తల వంచుకుని పోయేది. ఎందుకో అతనికి బోధపడలేదు.

"ఇవ్వడం గురించి మీరు చాలా చెప్పారు గురువుగారూ," అన్నాడు నరహరి ఆ సాయంత్రం. "తీసుకోవడం నాకు చేతకావడం లేదు. ఒకరి దగ్గర గుక్కెడు మంచినీళ్ళు తాగినా, తిరిగి ఏదో ఒకటి ఇచ్చేదాకా గొంతు మీద ఎవరో కాలు పెట్టినట్టుంటుంది. ఇక్కడ నేను తీర్చలేనంత తీసుకున్నాను. అందుకని వెళ్ళిపోదామనుకుంటున్నాను. ఇది తప్పా?"

భద్రయ్యగారు ఒళ్ళో ఉన్న చేటకు ఊడిన అంచు కట్టడం పూర్తి చేసి, దాన్ని పక్కన పెట్టారు. "సత్తిరాజు అని ఒక బస్సు కండక్టరు ఉండేవాడు," అన్నారు. ఆయన చెప్పినదాన్ని ఆయన చెప్పిన వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

సత్తిరాజు కోనసీమ మనిషి. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే మేనమామ ఇంట పెరిగాడు. ఆ ఇంట్లో అతనికి తిండికి లోటు జరగలేదు, కానీ పెట్టిన ప్రతి ముద్దా గుర్తు చేసేవారు. బడికి ఆలస్యమైతే ముద్ద గుర్తు చేసేవారు, గేదె తాడు తెంపుకుంటే ముద్ద గుర్తు చేసేవారు. మీసాలు వచ్చాక అతను ఆ ఇల్లు విడిచి, మళ్ళీ జన్మలో ఎవరి చేతి ముద్దా ఊరికే తిననని తనలో తను ఒట్టు పెట్టుకున్నాడు. కండక్టరు ఉద్యోగం దొరికాక పెళ్ళిళ్ళకు పిలిచినా ఇంట్లో తినే వెళ్ళేవాడు. దారిలో ఎవరైనా జామకాయ చేతిలో పెడితే జేబు తడుముకునేవాడు. నిజాయితీపరుడని అందరూ మెచ్చుకునేవారు. దగ్గరివాడని మాత్రం ఎవరూ అనుకునేవారు కాదు.

అతని బస్సు మైదానం నుంచి ఘాట్ రోడ్డెక్కి, మన్యం దాటి అవతలికి పోయేది. ఒక శ్రావణ మాసంలో, ముసురు పట్టి వదలని రోజుల్లో, బస్సు కొండ మధ్యకు వచ్చేసరికి ముందర కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. వెనక్కి తిప్పుదామంటే అప్పటికే వాగు పొంగి కల్వర్టు కొట్టుకుపోయింది. డ్రైవరు, నడవగలిగిన మగవాళ్ళు కొందరు కొండ ఎక్కి అడ్డదారిన కబురు చెప్పడానికి బయలుదేరారు. మోకాళ్ళ నొప్పులతో కదలలేని ముసలి దంపతులూ, చంటిపిల్లలతో ఉన్న ఆడవాళ్ళూ మిగిలిపోయారు. సత్తిరాజు కుర్రవాడే, కాళ్ళలో బలం ఉన్నవాడే. కానీ డ్రైవరు రమ్మంటే రాలేదు. "టిక్కెట్టు కొట్టి ఎక్కించుకున్న మనుషుల్ని మధ్యలో వదిలేసి ఎలా వస్తాను?" అన్నాడు.

రోడ్డుకు కాస్త ఎగువన కొండరెడ్ల గూడెం ఒకటి ఉంది. నాలుగైదు ఇళ్ళు, వెదురు తడికెలు, గడ్డి కప్పులు. మగవాళ్ళు చాలామంది ముందురోజు సంతకు దిగి అవతలే చిక్కుబడిపోయారు. సత్తిరాజు తన మనుషుల్ని తీసుకుని ఆ గూడెం చేరాడు గానీ, చేరాక ఏమని అడగాలో అతనికి తెలియలేదు. అడగడమనేది అతనికి అలవాటు లేని పని. అందరినీ మొదటి ఇంటి చూరు కింద నిలబెట్టి, తను వానలోనే నిలబడ్డాడు. తలుపు తడిక తీసి ఒకామె బయటికి చూసింది. యాభై ఏళ్ళు ఉంటాయేమో, బక్కపలచని మనిషి, నోట్లో చుట్ట. ఆమె పేరు పండమ్మ.

"ఎవరు బాబూ? వానలో నిలబడి మొక్కుకుంటున్నావేటి?" అంది.

"బస్సు ఆగిపోయిందమ్మా. వీళ్ళు కాసేపు ఈ చూరు కింద నిలబడతారు. మాకేమీ అక్కర్లేదు."

అతని మాట పూర్తి కాకముందే ఒక పిల్ల, "అమ్మా, ఆకలి" అని రాగం తీసింది. పండమ్మ చుట్ట నోట్లోంచి తీసి అతన్ని ఎగాదిగా చూసింది. "నీకేమీ అక్కర్లేదులే కండట్రు బాబూ, తెలిసింది. ఈ పిల్లని రానీ," అని తడిక పూర్తిగా తెరిచింది.

ఆ కాలం కొండమీద పాత గింజలు అడుగంటి, కొత్త పంట ఇంకా చేతికి రాని కాలం. గూడెంలో ఏ ఇంట చూసినా కుండ అడుగున కాసిని చోళ్ళు, ఇంకొంచెం సామలు. అందరూ తలా పిడికెడు తెచ్చి పండమ్మ ముంగిట పోశారు. అది జావకే సరిపోయేట్టు లేదు. అప్పుడు పండమ్మ కొడవలి తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

పెరట్లో పనసచెట్టు నీడన ఒక పొద ఉండేది. గూడెంవాళ్ళు దాన్ని తీపాకు అంటారు. పెద్ద అడవిలో, ఎండ సరిగా దిగని చోట, మానుల మొదళ్ళ దగ్గర పెరిగే మొక్క అది. సన్నని కాడలు, కాడకు అటూ ఇటూ బారులు తీరిన నున్నని ఆకులు, ఆకు చాటున కనీ కనపడనట్టు ఎర్రని చిన్న పువ్వు. దారిన పోయేవాడు రెండోసారి తిరిగి చూసే మొక్క కాదు. పండమ్మ అత్త ఎన్నడో అడవినుంచి కొమ్మ తెచ్చి గుచ్చిందట. ఇంట్లో ఉన్నది ముగ్గురే కాబట్టి ఎప్పుడూ చేతికందిన నాలుగు ఆకులు తుంపుకోవడమే తప్ప, దాని మీద కత్తి పడింది లేదు. అందుకని అది మనిషిని మించి ఎదిగి, కాడలు ముదిరి చేవదేరి, ఆకు ఆ చివర్లలోనే మిగిలి ఉంది. పండమ్మ ఒక్కో కాడా వంచి ఆకు దూసి, జావలో వేసి ఉడికించి, ఉప్పురాయి కలిపింది. పచ్చి వేరుశనక్కాయ తిన్నట్టు కమ్మని రుచి. పిల్లలు ఆకులు చూసి ముందు మూతి తిప్పుకున్నారు, తర్వాత దొప్పలు నాకారు.

సత్తిరాజు తన దొప్ప ముట్టలేదు. గోడవారన గొడ్డలి కనిపిస్తే తీసుకుని, తడిసిన దుంగలు పేళ్ళుగా చీల్చి చూరు కింద పేర్చి, అప్పుడు వచ్చి కూర్చున్నాడు. మరుపూట వానకు కారుతున్న కప్పు సర్ది వచ్చి తిన్నాడు. ఆ తర్వాత ఇంటి చుట్టూ నీళ్ళు పోవడానికి కాలవ తవ్వి తిన్నాడు. పూటపూటా ఇదే తంతు. "తిన్నాక చెయ్యకూడదా బాబూ? కడుపులో ఏదైనా పడ్డాక గొడ్డలి ఇంకా బాగా ఆడద్ది," అని ఒకసారి నవ్వింది ఆమె. "అలవాటు లేదమ్మా," అన్నాడు అతను.

వాన వదల్లేదు. కబురు అందిందో లేదో తెలియదు, అవతలినుంచి ఎవరూ రాలేదు. వెదురు మొలకలు తవ్వుకొచ్చారు, దుంపలు తవ్వుకొచ్చారు, అయినా ఇన్ని నోళ్ళకు ప్రతిపూటా కుండ నిండుగా కనిపించిందంటే ఆ పొద చలవే. చూస్తుండగానే వంచితే అందే ఆకు అయిపోయింది. ఒక పొద్దున సత్తిరాజు నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి, పండమ్మ పొదను మోకాలి ఎత్తుకు నరికేసి ఉంది. పైన మిగిలిన ఆకంతా దూసి చేటలో పోసుకుంటోంది. పొద ఉన్నచోట మొండి పుల్లలు తప్ప ఏమీ లేవు. ఆమె ఆ పుల్లలకేసి ఒకసారి చూసి, ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. ఆ చూపు అతనికి బాగా అనిపించలేదు.

ఎందుకో ఆ మధ్యాహ్నమే తెలిసింది. పండమ్మ కోడలు రాజులు పురుడు పోసుకుని ఎంతో కాలం కాలేదు. లోపలి గదిలోనే ఉండేది, బయటివాళ్ళ ఎదుట పడేది కాదు. మొగుడు బాపిరెడ్డి సంతకు పోయి అవతల చిక్కుకున్నాడు. తడికె అవతలనుంచి పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తుంటే, రాజులు నీరసంగా అనడం సత్తిరాజు చెవిన పడింది.

"పాలు చాలడంలేదత్తా. తీపాకు ఇంకాస్త వండి పెడతావా?"

"ఆకు అయిపోయిందే తల్లీ," అంది పండమ్మ. "పొద్దున్న కోసిందే ఆఖరు. ఉన్న ముదరాకు నీకు పెట్టినా ఏం పనిచేసింది గనక. చూద్దాంలే, ఏదో ఒకటి చూద్దాం."

బాలింతలకు పాలు పడతాయని ఆ గూడెంలో తీపాకు పెడతారన్న సంగతి సత్తిరాజుకు అప్పుడే తెలిసింది. తను ఇన్ని రోజులూ పేళ్ళు కొట్టి, కాలవలు తవ్వి సరిపెట్టుకున్నానని అనుకున్నది ఆ ఇంటి బాలింత నోటి ముందు ఆకు. అతను ఎవరికీ చెప్పకుండా గోనెపట్టా నెత్తిన వేసుకుని అడవిలోకి పోయాడు. ఇక్కడికి వచ్చిన కొమ్మ ఆ అడవిదే కదా, ఎక్కడో మరో పొద ఉండకపోదని అతని ఆశ. జలగలు పట్టి పీకుతున్నా లెక్క చెయ్యకుండా, చెట్టు చెట్టు కిందా వంగి చూస్తూ తిరిగాడు. అన్ని ఆకులూ అదే ఆకులా కనిపించాయి, ఏదీ అది కాదు. చీకటి పడకముందు రాతి మీద కాలు జారి లోయవైపు దొర్లాడు. ఒక వెదురు పొద అడ్డం పడబట్టి ప్రాణం దక్కింది. కాలి ఎముక విరిగింది. అతని కేకలు విని గూడెంలోని ఆడవాళ్ళు వచ్చి, చీరను డోలీ కట్టి మోసుకొచ్చి పండమ్మ అరుగు మీద పడుకోబెట్టారు.

ఇక అక్కడినుంచి అతనికి అసలు పరీక్ష మొదలైంది. వెదురు దబ్బలు పెట్టి కాలు కదలకుండా కట్టేశారు. లేవాలంటే ఒకరు పట్టుకోవాలి. దాహమేస్తే ఒకరు నీళ్ళు పొయ్యాలి. పేళ్ళు కొట్టడానికి లేదు, కప్పు నెయ్యడానికి లేదు. చేతులున్న మనిషి చేతులు లేనివాడిలా అయిపోయాడు. పండమ్మ గంజి తెచ్చి పెడితే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ పూటా తినలేదు, మరుపూటా తినలేదు. బస్సులో వచ్చిన ముసలాయన బతిమాలాడు, పిల్లలు బతిమాలారు, అతను పళ్ళు బిగించుకుని పడుకున్నాడు.

మూడోసారి గంజి తెచ్చినప్పుడు పండమ్మ పక్కనే చతికిలబడింది. "ఏటి నీ బాధ? నువ్వు తినకపోతే నా కోడలికి పాలు పడతాయా?"

అప్పుడు అతని గుండె కట్ట తెగింది. ఎన్నడూ ఎవరికీ చెప్పని మేనమామ ఇంటి సంగతంతా ఆమెకు చెప్పాడు. ముద్ద ముద్దకూ వాళ్ళు ఏమనేవారో, ఆ మాటలు ఎలా లోపల మేకుల్లా దిగాయో చెప్పాడు. "నీ కోడలి ఆకు తిన్నానమ్మా. ఇది ఎలా తీర్చను? కాలు కూడా లేదు. నాకు ఇంకేమీ పెట్టకు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పండమ్మ చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించుకోలేదు. తర్వాత గంజి దొప్ప చేతిలోకి తీసుకుని, "వాళ్ళు నీకు పెట్టింది లెక్క బాబూ," అంది. "ఇది గంజి. నోరు తెరు."

అతను నోరు తెరిచాడు. ఆమె పోస్తుంటే కళ్ళు మూసుకుని తాగాడు. తాగినంతసేపూ కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయట. తన తల్లి పోయాక ఎవరి చేత్తోనైనా అలా తాగడం అదే మొదటిసారి అని సత్తిరాజు తరవాత చెప్పుకునేవాడు. అంటే ఆకలి తీరడం ఎలా ఉంటుందో కూడా అప్పుడే తెలిసిందన్నమాట.

ఆ తర్వాత రోజులు అతను అరుగు మీదే గడిపాడు. బయట వాన, లోపల పసిగుడ్డు ఏడుపు, మధ్యలో అతను. గూడెంవాళ్ళు దుంపలు ఉడకబెట్టి ఇంత పంచుకునేవారు. జీలుగు చెట్టు మానులోంచి తీసిన పిండితో జావ కాచి ఎవరి ఇంటినుంచో ఎవరో తెచ్చేవారు. అతను ఇచ్చింది పుచ్చుకుని తినేవాడు. పేరు పెట్టి పిలిచి పలకరించడం, తెచ్చినవాళ్ళను కూర్చోమనడం మాత్రమే అతనికి చేతనైన పని. పిల్లలు దగ్గర చేరితే టిక్కెట్ల కట్టలోంచి చిత్తు కాయితాలు తీసి పడవలు చేసిచ్చేవాడు. లోపల మాత్రం ఆ మొండి పుల్లలు అతన్ని వదల్లేదు. అరుగు చివరినుంచి మెడ సాచితే పెరడు కనిపించేది. అతను అటు చూడటం మానుకున్నాడు.

ఒక పొద్దున వాన తెరిపిచ్చి ఎండ పొడ పడింది. పెరట్లోంచి పండమ్మ పెద్దగా కేకేసింది. "ఓసే రాజులూ! ఇటు రాయే! తొందరగా రా!" సత్తిరాజు పాముకాటో, పసివాడికి ఏమైందో అనుకుని చేతులమీద పాకి అరుగు చివరికి వచ్చాడు. రాజులు బిడ్డను రొమ్ముకు హత్తుకుని, పెరటి గుమ్మంలో నిలబడిపోయింది.

మొండి పుల్లలు మొండి పుల్లల్లా లేవు. మోకాలి ఎత్తున కోసిన ప్రతి కాడా కణుపు కణుపునా పగిలి, ఒక్కోచోట రెండేసి మూడేసి చిగుళ్ళు తోసుకొచ్చాయి. ఒకే కాడగా నిటారుగా పైకి పోయినది ఇప్పుడు గుబురై పక్కలకు విచ్చుకుంటోంది. చిగురాకు లేత పసుపు కలిసిన పచ్చన, వాన నీరు పట్టి మెరుస్తోంది. వేలితో తాకితే వెన్నలా ఉంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అంత లేత ఆకు చూసి ఎరగరు. పండమ్మ ఆ పొద ముందు గొంతు కూర్చుని, ఏదో వింత చూస్తున్నట్టు చూస్తోంది.

"చచ్చిపోద్దనుకున్నాను," అంది చివరికి. "ఆరోజు కత్తి వెయ్యక తప్పలేదు బాబూ. మా అత్త పెట్టిన మొక్క, నా చేత్తో నేనే చంపేశాననుకున్నాను. దీనికి ఇంత గుండె ఉందని నాకేం తెలుసు!"

ఆమె దోసిలి నిండా లేతాకు కోసి కోడలికి వండిపెట్టింది. అలా రోజూ పెట్టింది. చిగురు బలమో, ఎండ పొడ చూడటమో, మరొకటో, రాజులుకు పాలు పడ్డాయి. ఆ ఇంట్లో ఏడుపు తగ్గింది. పసివాడు కడుపు నిండి నిద్రపోయిన మొదటి మధ్యాహ్నం, ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైతే అందరూ భయపడి లేచి చూశారట. ఆ సాయంత్రం పండమ్మ అరుగు మీదకు వచ్చి, సత్తిరాజు పక్కన కూర్చుంది.

"ఒక మాట చెప్పనా? మీరు రాకపోతే నేను దాన్ని కోసేదాన్నే కాదు. ముదరాకే పెట్టుకుంటూ, పాలు పడ్డంలేదని ఏడుస్తూ కూర్చునేదాన్ని. నువ్వు తిన్నావు గనక ఇది చిగిర్చింది. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవరికి పెట్టినట్టు?"

అప్పటిదాకా సత్తిరాజు లెక్కలో ఇచ్చిన చెయ్యి పైన ఉంటుంది, తీసుకున్న చెయ్యి కింద ఉంటుంది. ఇక్కడ ఏది పైనో ఏది కిందో తేలడం లేదు. "నాకు తెలీడం లేదు పిన్నీ," అన్నాడు. అతను ఆమెను పిన్నీ అనడం అదే మొదలు. ఆమె కూడా కొత్తగా ఏమీ అనుకోలేదు, చిన్నప్పటినుంచి అలాగే పిలుస్తున్నట్టు "ఊఁ" అంది.

తర్వాత కొన్నాళ్ళకు చరియ తొలగించారు. అవతలినుంచి జీపులు వచ్చాయి. బాపిరెడ్డి ఉప్పూ నూనే మోసుకుని, గూడెం మగవాళ్ళతో పరుగెత్తుకుంటూ వచ్చి, బిడ్డను ఎత్తుకుని గుమ్మంలోనే కూలబడిపోయాడు. ప్రయాణికులు ఒక్కొక్కరే ఎక్కారు. ముసలావిడ పండమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు. సత్తిరాజును ఇద్దరు పట్టి జీపు దాకా నడిపించారు. అతను అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు. అతను చేతి గడియారం తీసి ఇస్తాడేమోనని, ఒట్టు పెట్టి ఏదో మాట ఇస్తాడేమోనని తోటివాళ్ళు అనుకున్నారు. అతను అన్నది వేరు. మీసాలు వచ్చిన నాటినుంచి ఆ నోటికి అలవాటు లేని మాట అది.

"పిన్నీ, నాకొక కొమ్మ ఇస్తావా?" అన్నాడు.

పండమ్మ ముఖం విప్పారింది. ఇంతకాలం ఆ ఇంట్లో అతను ఎన్నో పనులు చేశాడు, ఆమె ఎన్నడూ అలా నవ్వలేదు. పెరట్లోకి పోయి, ముదురూ లేతా కాని కాడలు చూసి కోసి, మొదళ్ళకు తడి గుడ్డ చుట్టి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. "ఎండలో పెట్టకు. నీడ చూసి పెట్టు. భయపడకుండా కోస్తుండు," అంది.

ఆ కొమ్మలు సత్తిరాజు ఇంటి పెరట్లో బతికాయి. అతని వీధిలో ఎవరింట పురుడు వచ్చినా ముందు ఆ పెరటి తలుపే తట్టేవారు. అతను ఎవరినీ ఎందుకని అడిగేవాడు కాదు, వాళ్ళు ఏదైనా తెచ్చి పెడితే వద్దనేవాడు కాదు. పెళ్ళిళ్ళకు వెళ్ళి బంతిలో కూర్చుని, మారు వడ్డించమని అడిగి మరీ తినేవాడు. మొదట్లో అందరూ ఆశ్చర్యపోయారు, తర్వాత అతని పక్క విస్తరి కోసం పోటీ పడ్డారు. కాలు కాస్త కుంటుగానే మిగిలింది. అయినా మళ్ళీ అదే దారిలో డ్యూటీ వేయించుకున్నాడు. గూడెం దగ్గర బస్సు ఒక్క నిమిషం ఆగేది. ఒకసారి కొత్తబియ్యం బస్తా దింపాడు. పండమ్మ మొహమాటానికైనా వద్దనలేదు. బస్తా విప్పించి, దోసిలితో తీసి వాసన చూసి, "బాగున్నాయిరా" అని అక్కడికక్కడే ఇంటింటికీ పంచేసింది. మరోసారి ఆమె చింతపండు ముద్ద, కొండచీపుర్ల కట్ట బస్సులోకి విసిరింది. ఇంకోసారి ఏమీ ఇచ్చుకోలేదు, ఎందుకు ఇన్నాళ్ళు రాలేదని ఆమె తిడితే అతను ఫుట్‌బోర్డు మీద నిలబడి తల వంచుకుని విన్నాడు. పండమ్మ పోయాక రాజులు పిలిచేది, బాపిరెడ్డి పిలిచేవాడు. "ఆ పసివాడి పెళ్ళికి సత్తిరాజే పెద్దగా నిలబడ్డాడని విన్నాను," అన్నారు భద్రయ్యగారు.

ఆయన చెప్పడం ఆపారు. నరహరి తల వంచుకుని కూర్చున్నాడు. లెక్కల మాస్టారు కాబట్టి కాబోలు, అతని మనసు కథలో ఒకచోట ఇంకా ఆగిపోయే ఉంది.

"ఒక్క అనుమానం గురువుగారూ," అన్నాడు. "అంతా విన్నాను. మరి ఆయన రుణం చివరికి తీరిందా, లేదా?"

భద్రయ్యగారు లేచి, పంచె దులుపుకుంటూ అతనివైపు ప్రేమగా చూశారు.

"తీరిపోతే మళ్ళీ ఆ గడప ఎందుకు తొక్కుతాడు నాయనా?"